కుళ్లాయి నాడా

స్కూలు బస్సులో ఇరవై ఇద్దరు పిల్లలుంటే ఇరవై ఒక్కరు అరుస్తున్నారు. నోరు మూసుకుని కూర్చున్నది ప్రమోద ఒక్కతే. ఆ పిల్ల నిద్రలో తప్ప నోరు మూసిన పాపాన పోలేదని ఇంటిల్లిపాదికీ తెలుసు. అందుకే పక్క సీట్లో ఉన్న వాళ్ల బాపు కమలాకర్‌కు చెమటలు పడుతున్నాయి. పైగా పిల్ల పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం బయటికి రావడం లేదు.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని అడిగాడు మెల్లగా.

"ఏం లేదు బాపు."

"నేను చెప్పింది యాదికుంది గద?"

"ఉంది బాపు. పొద్దుగాల్నుంచి ఎన్నిసార్లడుగుతవ్!"

బస్సు ఎస్.ఆర్. నగర్‌లో బయల్దేరి అమీర్‌పేట మెట్రో కింద ట్రాఫిక్‌లో చిక్కుకుంది. ఇట్లాగే సాయంత్రం దాకా చిక్కుకుపోతే బాగుండునని కమలాకర్ మొక్కుకున్నాడు. మనం మొక్కినప్పుడు ట్రాఫిక్ ఆగదు కదా. రెండు నిమిషాల్లో దారి దొరికింది, బస్సు పంజాగుట్ట వైపు తిరిగింది.

రెండో తరగతి పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్తున్నాం, తోడుగా పిల్లల తల్లిదండ్రుల్లో ఎవరైనా ఒక్కరు వస్తే చాలు అని రాగసుధ టీచర్ కబురు పెడితే, కమలాకర్ తన దర్జీ దుకాణం మూసి మరీ వచ్చాడు. ఇంతకుముందు ఒక్క పేరెంట్స్ మీటింగుకైనా వచ్చిన మనిషి కాదు. టీచర్ ఆశ్చర్యపోయి, "మీ అమ్మాయంటే ఎంత ప్రేమండీ మీకు!" అంది. ప్రేమ సంగతి అట్లా ఉంచండి, ఆయన వచ్చింది కూతురి నోటికి కాపలా కాయడానికి.

సంగతేమిటంటే, పంజాగుట్ట వెనక సందులో చలపతిరావు అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, తన ఇంటి కింది భాగంలోని మూడు గదులను 'మన పేట మ్యూజియం' చేశాడు. ఈ చుట్టుపక్కల పాత కుటుంబాల దగ్గరకు వెళ్లి, అటక మీద ఏముందని అడిగి తెచ్చుకున్న సామానే అందులో ఉంటుంది. పాత రేషన్ కార్డులు, టైపు మిషన్లు, కిరోసిన్ కందిళ్లు, ఎవరిదో పెళ్లి శుభలేఖ. వాటన్నిటిలోకీ ఆయన గుండెల్లో పెట్టుకుని చూసుకునేది ఒక చిన్న కుళ్లాయి. పసిపిల్ల తలకు తొడిగి, గడ్డం కింద నాడా ముడివేసే గుడ్డ టోపీ. అమీర్‌పేటలో రుద్రమ్మ అనే ఎనభై దాటిన ముసలామె ఇచ్చింది. ఆమె పుట్టినప్పుడు వాళ్లమ్మ చీరపేలికలు ముక్కలుగా అతికి కుట్టిందట. నెల తిరక్కముందే ఆ తల్లి జ్వరంతో పోయింది. ఫొటో లేదు, గొలుసు లేదు, తల్లి గుర్తుగా మిగిలింది ఆ కుళ్లాయి ఒక్కటే.

మూడు నెలల కింద దాని నాడా ఊడిపోతుంటే చలపతిరావు కమలాకర్ దుకాణానికి తెచ్చాడు. "నాడాకు రెండు వైపులా నాలుగు కుట్లు వేసి ఇవ్వండి కమలాకర్ గారూ. అంతే. ఉతకొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు, దులపను కూడా దులపొద్దు" అని మూడుసార్లు చెప్పి వెళ్లాడు.

కమలాకర్ కుట్టాడు. చూసినవాళ్లు మెచ్చుకునేట్టుగా, నాలుగు అడిగితే ఎనిమిది కుట్లు వేశాడు. కుట్టి, దారం తెంపి, దాన్ని పక్కకు పెట్టాడు. పెట్టింది ఎక్కడ? ఇస్త్రీ బల్ల మీద. వాళ్ల నాయన శివరాములు సిరిసిల్లలో మగ్గం వదిలేసి పట్నమొచ్చి మిషన్ తొక్కిన మనిషి. ఇస్త్రీ పడని గుడ్డ దుకాణం గడప దాటొద్దన్నది ఆయన పెట్టిన చట్టం. ముప్పై ఏళ్లుగా కమలాకర్ చెయ్యి ఆ చట్టం మీదే నడుస్తోంది. కుట్టు అయిపోయింది, చెయ్యి ఇస్త్రీపెట్టె మీదికి పోయింది, దానంతటదే పోయింది. అలవాటులో పొరపాటు అంటారే, అదే. ఎనభై ఏళ్ల గుడ్డ అప్పడంలా గోధుమరంగుకు తిరిగి, ఎత్తి చూసేసరికి చేతిలో పెళుసు ముక్కలయింది. నాడా మాత్రం బల్ల అంచు కిందికి వేలాడుతూ ఉండడంతో బతికిపోయింది.

అప్పుడే వెళ్లి చలపతిరావు కాళ్ల మీద పడితే కథ అక్కడితో అయిపోయేది. కానీ భయం మనిషికి ఎప్పుడూ దగ్గరి దారే చూపిస్తుంది. కమలాకర్ తన తల్లి పోశవ్వ పాత చీర కోశాడు, ముక్కల్ని చాయ్ డికాషన్‌లో నానబెట్టి ఎండేశాడు, ముక్కకు ముక్క కొలిచి అచ్చం అట్లాంటిదే ఇంకొకటి కుట్టాడు. బతికిన నాడా దానికి వేశాడు. మూడు మధ్యాహ్నాలు పట్టింది. బడి నుంచి వచ్చి కటింగ్ బల్ల కింద కూర్చుని హోంవర్కు రాసుకునే ప్రమోద అంతా చూసింది. చూడడమేమిటి, ఏ ముక్క పక్కన ఏది రావాలో కాలకముందు బాపు ఫోనులో తీసుకున్న ఫొటో చూసి చెప్పింది కూడా ఆ పిల్లే.

"ఎవ్వరికి చెప్పద్దు బిడ్డా. మమ్మీకి సుత చెప్పద్దు. తెలిస్తే మన ఇజ్జత్ పోతది" అన్నాడు.

"చెప్ప బాపు" అంది.

చలపతిరావు కనిపెట్టలేకపోయాడు. కనిపెట్టకపోగా మురిసిపోయి, ఇంకో పెట్టెడు పాత బట్టలున్నాయి, అన్నీ మీరే బాగుచేయాలన్నాడు. కుళ్లాయి ఉన్న అద్దాల పెట్టెలో 'మరమ్మతు: కమలాకర్, అమీర్‌పేట' అని అచ్చు వేసిన అట్టముక్క పెట్టాడు. కమలాకర్ పేరు పెళ్లి పత్రిక తర్వాత అచ్చులోకెక్కడం అదే మొదలు. భార్య నిరోష దాన్ని ఫొటో తీసి సంబరంగా ఫోనులో స్టేటస్ పెట్టుకుంది. చుట్టాలందరూ శభాష్ అన్నారు. దొంగకు తేలు కుట్టినట్టు కమలాకర్ నవ్వుతూ ఊరుకున్నాడు.

కాలిన ముక్కల్ని మాత్రం పారేయలేకపోయాడు. నూనె కాగితంలో మడిచి గుండీల డబ్బాలో దాచాడు. పారేద్దామని నాలుగుసార్లు జేబులో పెట్టుకుని వెళ్లి, నాలుగుసార్లూ వెనక్కి తెచ్చాడు. ఇవాళ ఐదోసారి. చొక్కా జేబులోనే ఉంది ఆ పొట్లం.

బస్సు ఆగింది. చలపతిరావు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"రండి రండి! చెప్పులు ఇక్కడ విడవండి. ఏంటి కమలాకర్ గారూ, మీరు కూడా వచ్చారా! భలే రోజు వచ్చారండీ. ఇవాళ రుద్రమ్మ గారు కూడా వస్తున్నారు, పిల్లలకు కుళ్లాయి కథ స్వయంగా చెప్పడానికి."

రుద్రమ్మ వస్తుందని కమలాకర్‌కు ఎవరూ చెప్పలేదు. ఆమె కుళ్లాయిని ఇచ్చినప్పటి నుంచి మళ్లీ చూడలేదని మాత్రం తెలుసు.

మొదటి గదిలో పిల్లలు టైపు మిషన్ మీటలన్నీ ఒకేసారి నొక్కారు. రెండో గదిలో కందిలి చూసి వివేక్ అనే పిల్లవాడు దీనికి చార్జింగ్ ఎక్కడ పెడతారని అడిగాడు. అందరూ నవ్వారు. కమలాకర్ నవ్వలేదు, కూతురి చెయ్యి వదల్లేదు. మూడో గదిలోకి రాగానే పిల్లలంతా అద్దాల పెట్టె చుట్టూ మూగారు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని వివేకే ముందు చదివాడు.

"ప్రమోదా, గిది మీ డాడీ పేరే! మొత్తం మీ డాడీయే కుట్టిండా?"

ప్రమోద వాళ్ల బాపు వైపు ఒకసారి చూసింది. చెయ్యి విడిపించుకుని పైకెత్తింది. "టీచర్!"

కమలాకర్ దాని చెయ్యి మళ్లీ అందుకోబోయాడు.

"ఏంటమ్మా?" అంది రాగసుధ టీచర్.

"ఒంటికి పోవాలె."

గోడకు ఆనుకుని కమలాకర్ ఊపిరి వదిలాడు. పిల్ల వెళ్లొచ్చేలోపు కర్ర టకటకలాడించుకుంటూ రుద్రమ్మ వచ్చింది. బక్కపలచని మనిషి, కళ్లకు మందపాటి అద్దాలు. కుర్చీ వేస్తే కూర్చుని, పిల్లల్ని చుట్టూ కూర్చోమంది. మాట మాత్రం ఖంగుమంటోంది.

"గీ అమీర్‌పేట అప్పుడు ఊరే పిల్లలూ. గా మెట్రో లేదు, గీ షాపులు లేవు. మా అమ్మ నన్ను ఎత్తుకుంది ఇరవై తొమ్మిది రోజులు. లెక్కవెట్టి మా నాయినమ్మ చెప్పింది. నాకు మా అమ్మ మొఖం తెల్వది. ఎట్లుంటదో తెల్వది. గీ కుళ్లాయి పట్టుకుంటే మాత్రం మా అమ్మ చేతులు పట్టుకున్నట్టుంటది."

అల్లరి పిల్లలు కూడా నిశ్శబ్దంగా విన్నారు. రుద్రమ్మ చలపతిరావు వైపు తిరిగింది.

"సారూ, ఒక్కసారి చేతికియ్యి. ఇంకెన్నొద్దులుంటనో."

చలపతిరావు తాళం తీశాడు. రెండు చేతులతో కుళ్లాయిని తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. రుద్రమ్మ దాన్ని వేళ్లతో తడిమింది. తడుముతున్నంతసేపూ కమలాకర్ ఆ వేళ్లనే చూస్తున్నాడు. ఒకచోట వేలు ఆగింది, మళ్లీ కదిలింది. ఆమె కుళ్లాయిని పైకెత్తి, కళ్లు మూసుకుని ముద్దు పెట్టుకుంది. "అమ్మా" అంది. కళ్లజోడు కింద నుంచి నీళ్లు కారాయి. టీచర్ కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అయిపోయింది, గండం గడిచిందని కమలాకర్ అనుకున్నాడు. ఆ అనుకోవడమే ఆయనకు అసహ్యంగా తోచింది. అయినా అనుకున్నాడు.

ఆమె పక్కనే కూర్చున్న వివేక్ ముక్కు ఎగబీల్చాడు. "టీచర్, గీ టోపీ చాయ్ వాసనొస్తుంది!"

పిల్లలు ఘొల్లుమన్నారు. "నేను సుత చూస్తా, నేను సుత చూస్తా" అని ముక్కులన్నీ ముందుకొచ్చాయి. చలపతిరావు నవ్వుతూనే వంగి వాసన చూశాడు. నవ్వు ఆగిపోయింది. మళ్లీ చూశాడు.

"కమలాకర్ గారూ, దీన్ని గాని ఉతికారా ఏంటి?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కమలాకర్ చెయ్యి జేబు మీదికి వెళ్లింది. అంతలో గుమ్మం దగ్గర నుంచి ప్రమోద గొంతు వినిపించింది.

"లేదు తాతా. మా బాపు ఉతకలే. ఇస్త్రీ సుత చెయ్యలే. నాడా ఒక్కటే కుట్టిండు. నేను దుకాణంల చాయ్ తాగుతుంటే చెయ్యి తాకి జర ఒలికింది. బాపు సూడలే. నేను దస్తీతోని తుడిచి మల్లట్లనే పెట్టిన. తప్పు నాదే."

ఒక్క చోట తడబడలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ తల దించాలో అక్కడ దించింది. ఇదంతా కమలాకర్ నేర్పింది కాదు. చెప్పకు అన్నాడే గాని, ఇది చెప్పు అని ఆయన ఎన్నడూ అనలేదు. బస్సులో ఆ పెదాలు ఎందుకు కదిలాయో అప్పుడు అర్థమైంది.

"చూశావా, పెద్దవాళ్ల వస్తువుల దగ్గర ఎంత జాగ్రత్తగా ఉండాలో! వెళ్లు, అవ్వకు సారీ చెప్పు" అంది టీచర్.

ప్రమోద బుద్ధిగా వెళ్లి రుద్రమ్మ ముందు నిలబడి రెండు చెవులూ పట్టుకుంది. "సారీ అవ్వా. ఇంకోసారి చెయ్య" అంది. అని, తల తిప్పి వాళ్ల బాపు వైపు చూసింది. పదికి పది మార్కులొచ్చిన పలక చూపించేటప్పుడు చూసే చూపు అది. మంచిగ చెప్పిన కదా అన్న చూపు.

కమలాకర్ ఆ చూపు తట్టుకోలేకపోయాడు. పరువు పోతుందన్న భయం మూడు నెలలుగా ఆయన్ని తింటోంది. ఇప్పుడు దానికన్నా పెద్ద భయం ఎదురుగా చెవులు పట్టుకుని నిలబడింది.

"అవ్వా, పిల్ల అబద్ధం చెప్తుంది" అన్నాడు. "చాయ్ ఒలకలే, ఏం లే. మీ చేతిల ఉన్నది మీ అమ్మ కుట్టింది గాదు. నేను కుట్టిన. మా అమ్మ చీర కోసి కుట్టిన."

"ఏంటండీ మీరంటున్నది?" అన్నాడు చలపతిరావు.

"సార్, మీరు వద్దన్నరు. నాడా కుట్టినంక చేతికి అలవాటై ఇస్త్రీ పెట్టిన. కాలిపోయింది."

పిల్లలు సగం అర్థమై సగం అర్థం కాక పెద్దవాళ్ల ముఖాలు చూస్తున్నారు. రాగసుధ టీచర్ లేచి, "పిల్లలూ, పదండి, ముందు గదిలోకి పోదాం" అంది.

"ఉండనీయి పంతులమ్మా" అంది రుద్రమ్మ. "నేను ముద్దు పెట్టుకున్నప్పుడు చూసిన్రు గద. గిది సుత చూడనీయి."

ఆమె కుళ్లాయిని ఒడిలో నుంచి తీసి పక్కనున్న బల్ల మీద పెట్టింది. "మరి మా అమ్మదేది?"

కమలాకర్ జేబులో నుంచి పొట్లం తీసి మోకాళ్ల మీద కూర్చుని విప్పాడు. గోధుమరంగు ముక్కలు, కొంచెం పొడి. రుద్రమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు.

"కాలిందని ఆనాడే చెప్తే నేనేం జేసేదాన్ని? తిట్టేదాన్ని. ఏడ్చేదాన్ని. గంతే గద? ఇప్పుడు సూడు, మీ అమ్మ చీరను పట్టుకొని అమ్మా అంటిని. గీ పసిపిల్లల ముందట నన్ను పిచ్చిదాన్ని చేసినవ్ గదరా."

కమలాకర్ పొట్లాన్ని ఆమె పక్కనున్న బల్ల మీద పెట్టాడు.

"గా కొత్తదాంట్ల మా అమ్మది ఏమన్న ఉన్నదా?" అని అడిగింది.

"నాడా ఉందవ్వా. నాడా ఒక్కటి మీ అమ్మదే."

"అయితే ఇప్పు."

"అవ్వా?"

"నాడా ఇప్పు. ఇక్కడ్నే, నా ముందట ఇప్పు."

దర్జీవాడి కాలర్ కింద ఎప్పుడూ ఒక సూది ఉంటుంది. కమలాకర్ దాన్ని తీసి, నేల మీద కూర్చుని, కొత్త కుళ్లాయిని ఒడిలో పెట్టుకుని, తన కుట్లను తానే విప్పడం మొదలుపెట్టాడు. గట్టిగా ఉండాలని ఎంత బిగించి కుట్టాడో ఇప్పుడు తెలిసింది. పాత నాడా తెగకూడదు. కత్తెర పెట్టే పని కాదు, సూదిమొనతో ఒక్కో కుట్టూ ఎత్తాలి. మొదటి కుట్టు ఊడగానే వివేక్ "ఒకటి" అన్నాడు. వాడికి ఏ పని చూసినా లెక్కపెట్టే అలవాటు. రెండో కుట్టుకు ఇంకో ఇద్దరు కలిశారు. నాలుగో కుట్టుకు పిల్లలంతా ఒకే గొంతుతో లెక్కపెడుతున్నారు. టీచర్ వద్దని సైగ చేసినా ఎవరూ ఆపలేదు. ఎనిమిది దాకా లెక్కపెట్టి, రెండో వైపుకు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. లెక్కపెట్టనిది ప్రమోద ఒక్కతే. అది చెవులు పట్టుకునే నిలబడి ఉంది, వదలమని ఎవరూ చెప్పలేదు.

నాడా ముక్కలు రెండూ చేతికి వచ్చాక రుద్రమ్మ వాటిని కాలిన ముక్కల మీద పెట్టింది. నూనె కాగితం మడిచింది. కొంగున కట్టి ముడి బిగించింది.

"అమ్మా, దాన్ని ఇలాగే అయినా పెట్టెలో ఉంచుదాం" అని చలపతిరావు ఏదో చెప్పబోయాడు.

"ఇచ్చింది నేనే, తీస్కపోయేది నేనే" అంది. కర్ర అందుకుని లేచింది. కమలాకర్ వైపు మళ్లీ చూడలేదు. గుమ్మం వైపు వెళ్తూ ప్రమోద దగ్గర ఆగింది. "ఇగ చెవులిడువు పిల్లా. నీది గాదు తప్పు" అని చెప్పి వెళ్లిపోయింది.

చలపతిరావు ఖాళీ పెట్టెలో నుంచి అట్టముక్క తీశాడు. దాన్ని చించడానికి ఆయన మర్యాద ఒప్పుకోలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ బట్టల పెట్టె ఇక మీ దగ్గరకు పంపనండీ" అన్నాడు. కమలాకర్ సరేనన్నట్టు తలూపాడు.

బస్సులో పిల్లల మధ్య మళ్లీ కూర్చునే ధైర్యం లేక, టీచర్‌కు చెప్పి కూతుర్ని తీసుకుని నడక సాగించాడు. పంజాగుట్ట చౌరస్తా దాటి మెట్రో స్తంభాల పక్కనుంచి అమీర్‌పేట వైపు తండ్రీకూతుళ్లు చాలాదూరం నడిచారు. సాయంత్రానికి ఈ సంగతి నిరోషకు తెలుస్తుంది, ఎల్లుండికి సిరిసిల్లకు చేరుతుంది. దాని గురించి ఆయన ఆలోచించడం లేదు. పక్కన పిల్ల ముక్కు ఎగబీలుస్తుంటే వింటున్నాడు.

చివరికి ప్రమోద ఫుట్‌పాత్ మీద ఆగిపోయింది. ముఖమంతా ఎర్రబడింది. వచ్చేది ఏడుపో కోపమో దానికే తెలియదు.

"నేను మంచిగనే చెప్పిన గద బాపు! బస్సుల మొత్తం నేర్చుకున్న. ఒక్క ముక్క సుత మర్వలే. టీచర్ నమ్మింది, తాత నమ్మిండు, అందరు నమ్మిన్రు. మరి నువ్వెందుకు చెప్పినవ్?"

కమలాకర్ అక్కడే, జనం తప్పుకుని పోతుంటే, కూతురి ముందు కూర్చున్నాడు. దాని చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. రెండు చేతులతో వాటిని మెల్లగా నిమిరాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నాడు. "మస్తు మంచిగ చెప్పినవ్. గందుకే చెప్పిన."